ఒరగనిచ్చినవాళ్లు

(ఒక పాలిటెక్నిక్ కళాశాల మెకానికల్ విభాగంలో, విద్యార్థులు, చుట్టుపక్కల వర్క్‌షాపుల మెకానిక్‌ల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, మొదటి వరుసలో ఖాళీ ఉంది. ఈ బల్ల మీద పెట్టినవి చేతిలోకి తీసుకుని చూడాల్సిన వస్తువులు. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పేటెంట్ పొందిన యంత్రాల గురించి మాట్లాడమని ప్రిన్సిపాల్ గారు అడిగారు. ఆ కాలంలో ఒకదాని వెనక ఒకటి ఎన్ని వచ్చాయో! కారు ముందద్దం తుడిచే చేతికి మేరీ ఆండర్సన్ 1903లో పేటెంట్ తీసుకుంది. గిలెట్ రేజరుకు 1904లో వచ్చింది. గాలిలో తేమను అదుపుచేసే క్యారియర్ యంత్రానికీ, రైట్ సోదరుల విమానానికీ 1906లో వచ్చాయి. వీటి గురించి మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. నేను మాత్రం నలభై ఏళ్లు ఏ వస్తువు పట్టుకుని అన్నం తిన్నానో దాని గురించే చెబుతాను. బేరింగు, తిరిగే ఇరుసును మోస్తూ రాపిడి తగ్గించే భాగం.

మన పెద్దవాళ్లకు ఒక సామెత ఉంది: కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం. మీలో ఎంతమంది కందెన చూశారు? చెయ్యెత్తండి. ఇద్దరు. మా ఊళ్లో ఎడ్లబండి కింద ఒక చిన్న గొట్టం వేలాడుతుండేది, అందులో ఆముదం, మసి కలిపిన ముద్ద. చీల తీసి, చక్రం కాస్త బయటికి లాగి, ఇరుసుకు ఆ ముద్ద పట్టించి మళ్లీ తోసేవాళ్లు. పదిమైళ్లు పోయేసరికి మళ్లీ సంగీతం మొదలు. ఇరుసు మీద చక్రం రాసుకుంటోంది, రాపిడికి రెండూ అరుగుతున్నాయి, వేడెక్కుతున్నాయి. తిరిగేదాన్ని మోస్తూ, రాపిడిని తగ్గించడమెలా అన్నది మనిషి చక్రం చేసిన రోజు నుంచి ఉన్న చిక్కు. ఆ చిక్కుకు మనం ఈ రోజుకీ వాడుకుంటున్న జవాబుల్లో మూడు, 1903 నుంచి 1912 లోపల వచ్చాయి. ఆ మూడింటిలో రెండింటికి ఒక పోలిక ఉంది. అది చెప్పడానికే వచ్చాను.

మొదటిది త్వరగా చెప్పేస్తాను. ఇదిగో, ఇది సీలింగ్ ఫ్యాన్‌లోంచి తీసినది, 6202. చివరి రెండంకెలు 02 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి అయితే ఆ అంకెను అయిదుతో గుణిస్తే చాలు. ఇందులో లోపలొక రింగు, బయటొక రింగు, రెండింటికీ లోతైన గాడి, మధ్యలో గుండ్లు. ఇప్పుడు నా ప్రశ్న. గాడి లోతుగా ఉంది, రింగులకు ఎక్కడా కోత లేదు. గుండ్లు లోపలికి ఎట్లా వెళ్లాయి?

ఆలోచించండి. ఫ్యాన్ విప్పిన ప్రతివాడూ ఇది చూశాడు గానీ ఈ ప్రశ్న వేసుకున్నవాడు తక్కువ. పూర్వం రింగు పక్కన ఒక కోత పెట్టి అందులోంచి గుండ్లు దూర్చేవాళ్లు. ఆ కోత దగ్గర బరువు పడితే బేరింగు అక్కడే పాడయ్యేది. రాబర్ట్ కాన్రాడ్ అనే ఆయన 1903లో బ్రిటన్‌లో, తర్వాత 1906లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఏమిటంటే, లోపలి రింగును ఒక పక్కకు జరపాలి. అటు పక్క రెండు రింగులూ ఆనుకుంటాయి, ఇటు పక్క చంద్రవంకలాగా ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో గుండ్లన్నీ పెట్టి, లోపలి రింగును మధ్యకు నెట్టి, గుండ్లను చుట్టూ సమంగా సర్ది, ఒకదానికొకటి తగలకుండా రేకు పంజరం వేసి రివిట్ కొట్టాలి. అంతే. గుండు గుండుకు తగిలితే తగిలిన చోట రెండూ ఎదురెదురు దిశల్లో రాసుకుంటాయి, అందుకే ఆ పంజరం. ఇవాళ మన ఇళ్లలో ఫ్యాన్లు, మోటార్లు, మిక్సీలు తిరిగేది చాలావరకు ఈ పద్ధతిలో కూర్చిన బేరింగుల మీదే.

ఇక నా ఊరికి వస్తాను. మా నాన్న గోదావరి డెల్టాలో ఒక రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. నేను పుట్టేసరికి ఆ మిల్లు పాతదే. ఒక మూల ఆయిల్ ఇంజను, అక్కణ్ణుంచి వెడల్పాటి బెల్టు, ఆ బెల్టు తిప్పేది గోడ పొడవునా సాగిన ఒకే ఒక్క లైన్ షాఫ్టు. దాని మీద పుల్లీలు, ప్రతి పుల్లీ నుంచి ఒక్కో బెల్టు: ఒకటి వడ్ల పొట్టు తీసే హల్లరుకు, ఒకటి జల్లెడకు, ఒకటి ఎలివేటరుకు. షాఫ్టును ప్రతి పది, పన్నెండు అడుగులకు ఒక బ్లాకు మోసేది. అందులో గన్‌మెటల్ బుష్షు, అంటే షాఫ్టు చుట్టూ ఉండే కంచులాంటి లోహపు గొట్టం.

డెల్టా నేల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. మిల్లు గోడలే కదిలేవి. గోడ ఒక చోట వెంట్రుకవాసి దిగితే ఆ మీదున్న బ్లాకు దిగుతుంది, షాఫ్టు మాత్రం తిన్నగానే ఉందామని చూస్తుంది. అప్పుడు బుష్షు ఒక అంచు మీదే బరువంతా పడుతుంది. మా నాన్న అరచెయ్యి బ్లాకు మీద పెట్టి చూసేవాడు. చెయ్యి ఆనించి మూడు లెక్కపెట్టగలిగితే ఫర్వాలేదు, లేకపోతే మిల్లు ఆపాలి. ఆపి, ఈ చివర నుంచి ఆ చివరకు దారం కట్టి, బ్లాకుల కింద రేకు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేసేవాడు. ఒక్కోసారి రాత్రంతా ఆ పనే. పొద్దున్నకల్లా ధాన్యం బళ్లు వచ్చి నిలబడేవి. "ఒరేయ్, నేల మన మాట వినదురా, మనమే దాని మాట వినాలి" అనేవాడు. నేను లాంతరు పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఇది ఎందుకు చెప్పానంటే, సరిగ్గా ఇదే బాధ మనకు కొన్ని వేల కిలోమీటర్ల దూరంలో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక బట్టల మిల్లులో ఉండేది. గామ్లెస్టాడెన్ అనే మిల్లు. ఆ ఊరి నేల కూడా మెత్తని బంకమన్నే. భవనం కుంగేది, లైన్ షాఫ్టులు వరస తప్పేవి, బేరింగులు విరిగేవి. బేరింగు విరిగితే ఆ షాఫ్టు మీదున్న మగ్గాలన్నీ ఆగాలి. కొత్తది విదేశాల నుంచి తెప్పించుకోవాలి. ఆ మిల్లు యంత్రాల బాగోగులు చూసే ఇంజనీరు పేరు స్వెన్ వింగ్‌క్విస్ట్. 1876లో పుట్టాడు, అప్పటికి ముప్పై ఏళ్లు.

ఆయన ముందు రెండు దార్లున్నాయి. ఒకటి అందరూ తొక్కిన దారి: పునాది గట్టి చెయ్యి, బ్లాకు ఇంకా బిగించు, షాఫ్టు ఇంకా లావుది వెయ్యి, వరసను వేళ్లతో నొక్కిపట్టినట్టు నిలబెట్టు. రెండోది ఆయన పట్టుకున్నది. షాఫ్టు ఒరిగితే ఒరగనీ. బేరింగే దానితో పాటు ఒరిగితే సరిపోతుంది కదా!

ఇదిగో, ఇది ఆయన రకం బేరింగు, నంబరు 1210. ఈ అమ్మాయికి ఇవ్వండి. లోపలి రింగును బొటనవేలితో పక్కకు నెట్టమ్మా. ఒరిగిందా? ఇంకాస్త నెట్టు. చూశారా, ఎక్కడా పట్టేయడం లేదు, ఒరిగిన స్థితిలోనే తిప్పినా సాఫీగా తిరుగుతోంది. దాన్ని అట్లా వరసగా పంపండి, అందరూ ఒకసారి నెట్టి చూడండి.

దాని కిటుకు బయటి రింగు లోపలి ముఖంలో ఉంది. ఫ్యాన్ బేరింగులో ఉన్నట్టు అక్కడ గాడి లేదు. ఒక పెద్ద బంతిని పలచగా కోసి లోపల చూసినట్టు, నున్నటి గోళపు వంపు ఉంది. ఆ గోళానికి కేంద్రం షాఫ్టు మధ్యలో, బేరింగు నడిబొడ్డున ఉంటుంది. లోపలి రింగు మీద రెండు వరసల గుండ్లు. అవి ఎటు ఒరిగినా గోళం గోళమే కాబట్టి దూరం మారదు. షాఫ్టు రెండు మూడు డిగ్రీలు వాలినా దీనికి తెలియనే తెలియదు. 1907 ఫిబ్రవరిలో కంపెనీ పెట్టారు, ఆ ఏడాది జూన్ 6న స్వీడన్ పేటెంటు 25406 వచ్చింది. ఆ కంపెనీ పేరు మీ బేరింగ్ డబ్బాల మీద చూసే ఉంటారు, ఎస్‌కేఎఫ్. 'స్వీడన్ గుండ్ల బేరింగుల కర్మాగారం' అన్న మాటలకు వాళ్ల భాషలో పొట్టి పేరు అది. వాళ్లే వోల్వో అన్న పేరు కూడా ముందు బేరింగుల కోసం రిజిస్టరు చేయించారు. లాటిన్‌లో 'నేను దొర్లుతాను' అని అర్థం. కార్లకు ఆ పేరు తర్వాత వచ్చింది.

దీనికి ఒక లోపముంది, అది కూడా చెప్పాలి. గాడిలో కూర్చున్న గుండుకు చుట్టూ ఒడి ఉంటుంది. విశాలమైన గోళం మీద కూర్చున్న గుండు ఒక బిందువు మీదే నిలబడుతుంది. అందుకని ఇది మరీ ఎక్కువ బరువు మోయలేదు. ఆ లోటు తీర్చడానికి అదే కంపెనీలో ఆర్విడ్ పాల్మ్‌గ్రెన్ 1919లో గుండ్ల బదులు పీపాల్లాంటి రోలర్లు పెట్టాడు. చెరుకు క్రషర్లలో, రాయి పగలగొట్టే క్రషర్లలో మీరు చూసే 22 తో మొదలయ్యే అంకెల బేరింగులు అవే.

మా మిల్లులో ఆ గన్‌మెటల్ బుష్షులు తీసి ఈ రకం బేరింగులు వేసిన రోజు నాకు బాగా గుర్తు. నేను అప్పుడే ఐటీఐ అయి వచ్చాను. నేల కుంగడం ఆగలేదు, షాఫ్టు ఒరగడం ఆగలేదు, ఆగిందల్లా మా నాన్న రాత్రి నిద్ర చెడగొట్టుకోవడం. ఆ మొదటి వానాకాలం ఆయన అలవాటు కొద్దీ బ్లాకు మీద చెయ్యి పెట్టేవాడు. చల్లగా ఉండేది. చెయ్యి తీయకుండా అట్లాగే కాసేపు ఉంచేవాడు.

ఆ బేరింగుల్లో ఒకటి మాత్రం మూడు నెలలకే పోయింది. అది నేను ఎక్కించినది. షాఫ్టు మీదికి దూరడం లేదని, చెక్క అడ్డం పెట్టి బయటి రింగు మీద సుత్తితో కొట్టాను. బయటి రింగు మీద పడ్డ దెబ్బ గుండ్ల మీదుగా ప్రయాణం చేసి లోపలి రింగుకు చేరుతుంది. ఒక్కో గుండు కింద కంటికి ఆనని గుంట పడుతుంది. తర్వాత తిరిగిన ప్రతిసారీ గుండు ఆ గుంటలో పడి లేస్తుంది. నేను ఆ రోజు బేరింగు ఎక్కించలేదు, దాన్ని చంపాను. బిగువు ఏ రింగుకు ఉందో ఆ రింగు మీదే గొట్టం ఆనించి కొట్టాలి, ఇంకా మంచిది వేడి నూనెలో ఉంచి సాగనిచ్చి తొడగడం. ఈ ఒక్క మాట వంటబట్టించుకుంటే మీ చేతిలో బేరింగులు నిలబడతాయి.

ఇప్పటిదాకా గుండ్ల సంగతి. ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తున్నాను. ఇందులో గుండ్లు లేవు, రోలర్లు లేవు. ఇనుము ఇనుముకు తగలకుండా వందల టన్నులు గాల్లో... గాల్లో కాదు, నూనెలో నిలబడతాయి.

కథ 1880ల్లో ఇంగ్లండులో మొదలవుతుంది. రైలు ఇరుసుల బేరింగుల మీద బోషాంప్ టవర్ అనే ఆయన పరీక్షలు చేస్తున్నాడు. ఇరుసు కింది భాగం నూనెలో మునిగి తిరుగుతుంది, పైన ఇత్తడి దిమ్మె కూర్చుని ఉంటుంది. ఆ దిమ్మెకు నూనె పోయడానికని పైన ఒక రంధ్రం పెట్టాడు. యంత్రం తిప్పితే నూనె లోపలికి పోవాల్సింది బయటికి ఉబికింది. బిరడా కొట్టాడు, బిరడా ఎగిరింది. చెక్కతో గట్టిగా బిగించాడు, అదీ లేచొచ్చింది. ఇంకొకరైతే విసుక్కునేవాళ్లు. ఆయన ఆ రంధ్రానికి ప్రెజర్ గేజి తగిలించాడు. దిమ్మె మీద పెట్టిన బరువు చదరపు అంగుళానికి సగటున 100 పౌండ్లయితే, గేజి 200 దాటిపోయింది.

అంటే ఏమిటి? నూనె ఊరికే తడి కోసం లేదు. తిరిగే ఇరుసు నూనెను తనతో లాక్కుపోయి, సన్నని సందులోకి తోస్తోంది. అక్కడ నూనె ఒత్తిడి పెరిగి పైనున్న బరువునంతా ఎత్తి పట్టుకుంటోంది. లోహం లోహాన్ని ముట్టుకోవడమే లేదు. ఇది ఎట్లా జరుగుతుందో 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చూపించాడు. నూనె పొర మేకులాగా ఉండాలి: ప్రవేశించే చోట మందం, వెళ్లిపోయే చోట పలచన. అప్పుడే ఒత్తిడి పుడుతుంది. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించారు కదా? పెంకు ముక్కు కాస్త పైకెత్తి ఉంటేనే నీటి మీద గెంతుతుంది, బల్లపరుపుగా పడితే బుడుంగున మునుగుతుంది. రెండూ అచ్చంగా ఒకటి కాదు గానీ ముక్కు ఎత్తి ఉండటం అన్నది మనసులో పెట్టుకోండి.

గుండ్రటి ఇరుసుకు ఈ మేకు తనంతట తానే దొరుకుతుంది, ఎందుకంటే ఇరుసు రంధ్రంలో కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. చిక్కల్లా బరువు పొడుగునా పడే చోట. ఓడ ప్రొపెల్లరు నీటిని వెనక్కి తోస్తే షాఫ్టు ఓడను ముందుకు తొయ్యాలి. ఆ తోపుడునంతా ఎక్కడో ఒక చోట బేరింగు తీసుకోవాలి. అక్కడ తిరిగే బిళ్ల, తిరగని బిళ్ల రెండూ చదునుగా ఎదురెదురుగా ఉంటాయి. మేకు ఎక్కడిది? అందుకే ఓడల్లో షాఫ్టుకు వరసగా ఎన్నో పట్టీలు పెట్టి, బరువును అన్నిటికీ పంచి, నూనె పోస్తూ, వేడెక్కకుండా కాపలా కాసేవాళ్లు. బిళ్లలను ఇంకా చదునుగా, ఇంకా బిగువుగా చెయ్యాలని చూసేవాళ్లు. ఎంత చదును చేస్తే నూనెకు అంత దారి లేకుండా పోయిందని వాళ్లకు తట్టలేదు.

ఇద్దరికి తట్టింది. ఒకరికొకరు తెలియదు, ఒకరు భూమికి ఈ పక్క, ఒకరు ఆ పక్క.

ఒకరు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఇంజనీరు ఆంథొనీ మిచెల్. నీటిపారుదల పంపులు, టర్బైన్ల పని ఆయనది. అన్న జాన్ పేరున్న గణితవేత్త, తమ్ముడు కూడా లెక్కలో అంత ఘటికుడే. రేనాల్డ్స్ లెక్కలో నూనె పక్కలకు కారిపోవడం లేదు, పలక వెడల్పు అనంతమని అనుకున్నాడు. నిజం పలకకు వెడల్పు ఉంటుంది, పక్కల నుంచి నూనె కారుతుంది. ఆ లెక్కను మిచెల్ పరిష్కరించి 1905లో ఒక జర్మన్ గణిత పత్రికలో అచ్చు వేయించాడు. అదే ఏడాది పేటెంటుకు పెట్టాడు. తిరగని బిళ్లను రొట్టెముక్కల్లాగా కొన్ని పలకలుగా కోసెయ్యాలి. ఒక్కో పలక వెనక ఒక చిన్న బొడిపె మీద ఆని నిలబడాలి, ఎటైనా ఒరగగలగాలి. అంతే! షాఫ్టు తిరగడం మొదలుపెట్టగానే నూనె వచ్చి పలక ముందు అంచును ఎత్తుతుంది, పలక తనకు కావలసినంత ఒరుగుతుంది, మేకు తయారవుతుంది. వేగం పెరిగితే ఒకలాగా, బరువు పెరిగితే ఇంకోలాగా, మనం ఎవరం సర్దక్కర్లేదు.

మొట్టమొదటి మిచెల్ బేరింగు ఎక్కడ పెట్టారో తెలుసా? యుద్ధనౌకలో కాదు. 1907లో ముర్రే నది పక్కన కొహూనా అనే పల్లె ప్రాంతంలో, పొలాలకు నీళ్లు తోడే పంపుకు. ఇది తెలిసినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. మన లిఫ్టు స్కీముల దగ్గర పంపుహౌసుల్లో పనిచేసిన వాళ్లెవరైనా ఇక్కడ ఉంటే ఈ మాట వాళ్ల కోసం.

రెండో ఆయన అమెరికాలో ఆల్బర్ట్ కింగ్స్‌బరీ. కార్నెల్‌లో చదువుకుంటున్నప్పుడే రైల్వే బేరింగుల లోహాలను పరీక్షించాడు. పరీక్షకు ముందు ఒక్కో బేరింగు ముఖాన్ని ఎంతో శ్రద్ధగా గీకి సాపు చేశాడు. తీరా చూస్తే ఏ లోహమైనా రాపిడి ఒకేలా వచ్చింది! లోహం లోహాన్ని తాకితే కదా తేడా తెలిసేది. తర్వాత న్యూ హ్యాంప్‌షైర్‌లో పాఠాలు చెబుతూ, ఒక సిలిండరులో దానికి అతి దగ్గరగా సరిపోయే 6 అంగుళాల పిస్టను పెట్టి చేత్తో తిప్పితే అది ఆగకుండా తిరగడం చూశాడు. నూనె కూడా లేదు, గాలి పొరే దాన్ని మోసింది. రేనాల్డ్స్ వ్యాసం చదివాక 1898లో ఒరిగే పలకలు చేసి పరీక్షించాడు. 1907లో దరఖాస్తు పెడితే 1910లో 947,242 నంబరుతో పేటెంటు వచ్చింది. అప్పటికి మిచెల్ పేటెంటు బ్రిటన్‌లో ఉంది. అమెరికాలో అప్పటి చట్టం ముందు కాగితం పెట్టినవాడికి కాక ముందు కనిపెట్టినవాడికి హక్కు ఇచ్చేది. అందుకే లోకంలో ఈ బేరింగుకు రెండు పేర్లు. సముద్రాల మీద మిచెల్ అంటారు, అమెరికాలో కింగ్స్‌బరీ అంటారు. నన్నడిగితే రెండూ కలిపి చెప్పడమే న్యాయం.

కాగితం మీద పేటెంటు వచ్చింది సరే, నమ్మి పెట్టేదెవరు? పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద హోల్ట్‌వుడ్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ టర్బైను, జనరేటరు ఒకే నిలువు షాఫ్టు మీద ఉంటాయి. ఆ మొత్తం బరువు, పైగా నీటి ఒత్తిడి, 200 టన్నులకు పైన, కింద ఒక్క బేరింగు మీద. రోలరు బేరింగులు పెట్టారు, అవి నెలల్లో పోయేవి. పోయినప్పుడల్లా ఆ బరువంతా ఎత్తి, మార్చి, మళ్లీ దించాలి. వాళ్లు కింగ్స్‌బరీని పిలిచారు. 48 అంగుళాల బేరింగు తయారైంది. మొదటి ప్రయత్నం చెడింది. మెత్తటి లోహపు ముఖం, మనం వైట్‌మెటల్ అంటాం, అలుక్కుపోయింది. 

అప్పుడు ఏం చేశారో మీకు చెయ్యి పెట్టి చూపిస్తేనే అర్థమవుతుంది. ఈ పలక చూడండి. దీని మీద నీలం రంగు పలచగా రాసిన సమతల పలకను ఆనించి తీస్తే, ఎత్తుగా ఉన్న చోట్ల నీలం అంటుకుంటుంది. అంటుకున్న చోట మాత్రమే స్క్రేపరుతో పొట్టులాగా లేపాలి. మళ్లీ ఆనించు, మళ్లీ లేపు. మొదట నాలుగైదు పెద్ద మచ్చలు ఉంటాయి. రోజంతా చేస్తే ముఖమంతా నువ్వుగింజలు చల్లినట్టు చుక్కలు వస్తాయి. అప్పుడు అయినట్టు. నూనె పొర మందం మన తల వెంట్రుకలో సగం కూడా ఉండకపోవచ్చు. దానికంటే ఎత్తైన గుట్ట ఒక్కటున్నా పొర చిరిగి లోహం లోహాన్ని పట్టేస్తుంది. హోల్ట్‌వుడ్‌లో కూడా ముఖాలు మళ్లీ సాపు చేసి, 1912 జూన్ 22న యంత్రాన్ని నడిపించారు.

అది నడిచింది. కొంతకాలానికి విప్పి చూస్తే స్క్రేపరు గీతలు కూడా చెరగలేదు. ఆ అరుగుదల లెక్కన ఆ వైట్‌మెటల్‌లో సగం అరగడానికి వెయ్యేళ్లకు పైనే పడుతుందని లెక్కగట్టారు. 75 ఏళ్లు నిండాక, 1987లో, అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం దాన్ని చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. మ్యూజియంలో పెట్టిన వస్తువుకు కాదు, అప్పటికీ బరువు మోస్తున్న వస్తువుకు!

మన శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యంత్రాలు ఏడు ఉన్నాయి. అవీ నిలువు షాఫ్టువే, వాటి బరువు మోసేవీ ఈ కుటుంబంలోని ఒరిగే పలకలే. ఇలాంటి యంత్రాల దగ్గర ఉద్యోగం వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. షాఫ్టు తిరుగుతుంటేనే నూనె పొర ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు లేదు. అందుకే పెద్ద యంత్రాల్లో బయలుదేరే ముందు పంపుతో అధిక ఒత్తిడి నూనె ఎక్కించి రోటరును తేలుస్తారు. ఆపేటప్పుడు వేగం తగ్గగానే బ్రేకులు వేస్తారు, నత్తనడకన ఎక్కువసేపు ఈడ్చనివ్వరు. ఆ నత్తనడకలోనే ముఖం పోతుంది.

ఇంకొక్కరి మాట చెప్పకుండా ఉండలేను. ఇదే కాలంలో మన మనిషి ఒకాయన ఉన్నాడు. పూర్వీకులది ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం. విశ్వేశ్వరయ్య గారు. మూసీ వరదల తర్వాత హైదరాబాదు ఆయన్ను పిలిపించుకున్నది మీకు తెలుసు. దానికి ముందు పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన చేసిన గేట్లు 1903లో పెట్టారు. వాటికి పేటెంటు కూడా తీసుకున్నారు. జలాశయం నిండి నీరు ఒక మట్టం దాటగానే ఆ గేట్లు తమంతట తామే తెరుచుకుంటాయి, వరద తగ్గగానే మూసుకుంటాయి. మనిషి అర్ధరాత్రి వానలో పరుగెత్తి తిప్పక్కర్లేదు. వరదను గోడ కట్టి అడ్డుకోలేదు, వరద బరువునే గేటుకు పని అప్పజెప్పారు. వింగ్‌క్విస్ట్ షాఫ్టును ఒరగనిచ్చాడు, మిచెల్, కింగ్స్‌బరీ పలకను ఒరగనిచ్చారు, ఈయన గేటును కదలనిచ్చారు. దాదాపు అదే రోజుల్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బ్ర్నోలో విక్టర్ కప్లాన్ టర్బైను రెక్కలను నీటిని బట్టి తిరిగేలా చేసి పేటెంటుకు పెట్టుకున్నాడు. వీళ్లెవరూ ఒకరినొకరు అడిగి చేసింది కాదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఎవరైనా యంత్రం వణుకుతోందని వచ్చి చెబితే, మా కుర్రాళ్ల మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే: బోల్టు బిగించేద్దాం సార్. చాలాసార్లు బిగిస్తే సరిపోతుంది కూడా. అయితే బిగించే ముందు అడగండి, ఇది కదలాలనుకుంటోందా, ఎటు కదలాలనుకుంటోంది, ఎందుకు? ఆ ప్రశ్న అడిగినందుకే ఆ పేటెంట్లు వచ్చాయి.

పేటెంటు అన్న మాట వినగానే మనవాళ్లు తాళం అనుకుంటారు. అది సగమే నిజం. హక్కు కొన్నేళ్లే. అప్పట్లో అమెరికాలో మంజూరైన నాటి నుంచి పదిహేడేళ్లు. దానికి బదులుగా, ఆ విద్య తెలిసిన ఇంకొకరు చదివి చేసుకోగలిగేంత వివరంగా బొమ్మలతో సహా రాసి ఇవ్వాలి. ఆ రాతలు ఇవాళ కూడా ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కింగ్స్‌బరీ రాసినది నేను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మొదటి బొమ్మ చూసిన అయిదు నిమిషాల్లో నాకు అంతా తెలిసిపోయింది, ఎందుకంటే అలాంటి పలకలను నేను చేత్తో గీకాను. మీలో వర్క్‌షాపుల నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఇంగ్లీషు రాదని భయం అక్కర్లేదు. బొమ్మలు చూడండి, మీకు ఆ విద్యార్థులకంటే ముందు అర్థమవుతుంది.

ఆ 1210 ఎక్కడిదాకా వచ్చింది? వెనక వరసకు చేరిందా? సరే. ఇక్కడ బల్ల మీద ఇంకో బేరింగు ఉంది, విప్పి పెట్టాను. అది మా మిల్లులో నేను సుత్తితో కొట్టి పాడుచేసినదే, మా నాన్న దాచి ఉంచాడు. లోపలి రింగును కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, వెలుతురు పక్క నుంచి పడేలా మెల్లగా తిప్పండి. గాడిలో గుండుకో మచ్చ చొప్పున వరసగా కనిపిస్తాయి. ముందు గోటితో తడమండి, తర్వాత కంటితో చూడండి. రండి.